నానబియ్యం రోజు వచ్చే లచ్చవ్వ: టీనేజ్ పిల్లల కోసం దెయ్యం నవల రాసిన నా అనుభవం

ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లల చేతిలో పెట్టడానికి తెలుగు నవల వెతకడం చాలా కష్టం. నేను హైదరాబాద్‌లో ఒక స్కూల్లో తెలుగు చెప్తాను, లైబ్రరీ పీరియడ్ కూడా నాదే. మా బీరువాలో ఒక పక్క చిన్నపిల్లల బొమ్మల కథలు, ఇంకో పక్క పెద్దవాళ్ళ నవలలు ఉంటాయి. మధ్య వయసు పిల్లలు నేరుగా ఇంగ్లీషు అరల దగ్గరికి పోతారు. శాపం తగిలిన కోటలు, అడవిలో మంత్రగత్తెలు, చనిపోయి తిరిగొచ్చిన అమ్మాయిలు అన్నీ వాళ్ళకి అక్కడే దొరుకుతాయి. మన కథల్లో ఇవేం తక్కువ? చెట్టుకు వేలాడే శవంలో భేతాళుడు, పేదరాశి పెద్దమ్మ ఇల్లు, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిన ప్రాణం మనకీ ఉన్నాయి. వీటిని పద్నాలుగేళ్ళ పిల్లలకి వాళ్ళ వయసుకి తగ్గట్టు, భయాన్ని తగ్గించకుండా చెప్పిన పుస్తకం మా బీరువాలో ఒక్కటీ కనపడలేదు. అందుకే రాయడం మొదలుపెట్టాను.

కథ మూలం మా నానమ్మది. ఏడుగురు అన్నదమ్ములు, ఒక్కగానొక్క చెల్లె. అన్నలు దేశం మీద పోయినప్పుడు వదినలు ఆ పిల్లను చంపి పెరట్లో పాతిపెడతారు. అక్కడొక పూలచెట్టు మొలుస్తుంది. వదినలు తెంపబోతే కొమ్మ అందకుండా పైకి లేస్తుంది. చిన్నన్న చెయ్యి పెడితే మాత్రం చెట్టు పాట పాడుతుంది. ఆ పాట దగ్గరికి వచ్చేసరికి నానమ్మ గొంతు మారిపోయేది. మేం ఏడ్చేవాళ్ళం. మర్నాడు రాత్రి మళ్ళీ అదే కథ కావాలని పట్టుబట్టేవాళ్ళం.

పెద్దయ్యాక చదివితే తెలిసింది, ఈ కథకి ప్రపంచమంతా చుట్టాలున్నారు. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల సంకలనంలో 28వ కథ ఇలాంటిదే: అన్న తమ్ముణ్ణి చంపి వంతెన కింద పూడుస్తాడు, చాలా ఏళ్ళకి ఒక గొర్రెలకాపరి ఆ ఎముకను చెక్కి బూరకి మూతిగా పెట్టుకుంటే అది జరిగినదంతా పాడుతుంది. జానపద కథలకు వరుస సంఖ్యలిచ్చిన ఆర్నె–థాంప్సన్–ఊథర్ పట్టికలో ఈ రకానికి 780 అని నంబరు. ఎముకైనా, పూలచెట్టైనా చేసే పని ఒకటే. సొంత ఇంట్లో జరిగిన చావును సొంత మనిషి చేతిలోనే బయటపెడుతుంది. నా నవలకి వెన్నెముక ఇదేనని అప్పుడే తేల్చుకున్నాను.

మరి మా ఊళ్ళో ఆ చావు ఎక్కడ జరుగుతుంది? హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి వరద అంటే 1908 సెప్టెంబర్ 28. ఆ రోజు మూసీ పొంగి దాదాపు పదిహేను వేల మందిని పొట్టన పెట్టుకుందని చెప్తారు. అఫ్జల్‌గంజ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన తెగిపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునే ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని వరద గురించి దొరికిందల్లా చదివేదాన్ని. బయటికొచ్చి ఆ చెట్టు దగ్గరికి వెళ్ళేదాన్ని. రోగుల బంధువులు టిఫిన్ డబ్బాలు పట్టుకుని దాని పక్కనుంచే అటూ ఇటూ తిరుగుతుంటారు. నూటపదేళ్ళు దాటినా ఆ చెట్టును చూస్తే, ఏ కొమ్మ మీద ఎంతమంది పట్టి ఉంటారోనని నా కళ్ళు వాటంతటవే లెక్కపెట్టేవి.

నేను రాయాల్సిన సంగతి అక్కడే తట్టింది. చెట్టెక్కి బతికినవాళ్ళ గురించి అందరూ చెప్తారు. కొమ్మ పట్టనివాళ్ళ సంగతేమిటి? నా కథలో పదిహేనేళ్ళ మల్లయ్య ఒక చేత్తో పసితమ్ముణ్ణి పట్టుకున్నాడు, ఇంకో చేత్తో పన్నెండేళ్ళ చెల్లె లచ్చవ్వను పట్టుకున్నాడు. కొమ్మ విరుగుతోంది. అతను లచ్చవ్వ చెయ్యి వదిలేశాడు. జారలేదు, వదిలేశాడు. తెల్లారాక మాత్రం ఇంట్లో "జారిపోయింది" అని చెప్పాడు. ఆ మాట నాలుగు తరాలుగా ఆ ఇంట్లో నిజంగా చలామణి అవుతోంది.

ఈ చెట్టును నేను ఆస్పత్రి చెట్టుగా పెట్టలేదు. అంతమందిని నిజంగా కాపాడిన చెట్టు మీద నా కల్పిత పాపాన్ని మోపడానికి మనసొప్పలేదు. అందుకని దిగువన చాదర్‌ఘాట్ వైపు, వరదలోనే కూలిపోయిన ఇంకో చింతచెట్టును సృష్టించాను. ఉన్న చోటు, జరిగిన విషాదం తీసుకుని రాసేవాళ్ళు ఈ ఒక్క జాగ్రత్తయినా పడాలని నా అభిప్రాయం.

తర్వాత నాకు దొరికిన విషయం ఈ నవలను నిలబెట్టింది. పంచాంగం వెనక్కి లెక్కేసి చూస్తే ఆ ఏడు పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, సెప్టెంబర్ 25 ప్రాంతంలో పడుతుంది. అంటే ఊరంతా ఒక పక్క బతుకమ్మ, ఇంకో పక్క అప్పుడే మొదలైన రంజాన్ ఉపవాసాలతో ఉన్నప్పుడు వరదొచ్చింది. మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ నుంచి లెక్కపెడితే 28 నాలుగో రోజు, నానబియ్యం బతుకమ్మ. నానబెట్టిన బియ్యంలో పాలు, బెల్లం కలిపి నైవేద్యం పెట్టే రోజు. ఈ లెక్క వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పూలను పేర్చి, పాడి, నీళ్ళలో వదిలే పండగ. నీళ్ళలో వదిలేసిన పిల్ల. పువ్వై పాడిన చెల్లె. మూడూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చినట్టు కలిశాయి.

అక్కడి నుంచి నవలకి చట్రం వచ్చింది. తొమ్మిది రాత్రులు, తొమ్మిది అధ్యాయాలు. ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగుస్తుంది. కథానాయిక మేఘన తొమ్మిదో తరగతి, మల్లయ్య ఆమె తాతకి తాత. వాళ్ళింట్లో ఒక కట్టడి ఉంది: నాలుగో రోజు బియ్యం నానబెట్టకూడదు. ఎందుకో ఎవరికీ గుర్తులేదు, "మనకి ఆనవాయితీ లేదు" అంటారంతే. ఏ పాత కథలోనైనా తెరవొద్దన్న గది తెరిస్తేనే కథ నడుస్తుంది కదా. ఆ ఏడు మేఘన వాళ్ళమ్మ ఊళ్ళో ఉండదు. మేఘన యూట్యూబ్‌లో చూసి గిన్నెలో బియ్యం నానబెడుతుంది.

దెయ్యానికి నియమాలు పెట్టుకోవడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. మనకి తెలిసిన దెయ్యాల లక్షణాలు బోలెడు. కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి, దారిన పోయేవాళ్ళని సున్నం అడుగుతుంది, చేతిలో ఇనుముంటే దగ్గరికి రాదు. అవన్నీ రాసి పెట్టుకుని, ఒక్కొక్కటే కొట్టేశాను. అవి పిల్లలకి సినిమాల వల్ల నవ్వు తెప్పించే స్థితికి వచ్చేశాయి. లచ్చవ్వకి ఆమె చావులోంచి వచ్చిన నియమాలే ఉండాలనుకున్నాను. ఆమె బియ్యం ముట్టదు. తెల్లారి చూస్తే గిన్నెలో గింజలు పొడిపొడిగా ఉంటాయి, నీళ్ళు మాత్రం ఉండవు. నీళ్ళలో పోయినా ఆమె గొంతు ఇంకా ఎండిపోయే ఉంది. ఆమె నిలబడిన చోట గోడ మీద తడి గీత పడుతుంది. ఆమె వచ్చిన మొదటి రాత్రి మోకాలెత్తు, మర్నాడు ఇంకో మూరెడు పైకి. తొమ్మిదో రాత్రికి అది సీలింగు అందుకుంటుందని మేఘన స్కేలు పెట్టి కొలిచి తెలుసుకుంటుంది. ఆమె మాట్లాడదు, పాడుతుంది. పాటలో రెండే చరణాలు, నానమ్మ పాట బాణీ మనసులో పెట్టుకుని నేనే రాసుకున్నాను:

తెంపకు అన్నా తెంపకు, కొమ్మ కాదిది నా చెయ్యి
వంచకు అన్నా వంచకు, వంచితె ఎవరిని ముంచేవు

ఆరో రాత్రి అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. కాబట్టి ఆ అధ్యాయంలో లచ్చవ్వ అసలు రాదు. పాట లేదు, తడి అడుగులు లేవు. గోడ మీద గీత మాత్రం మామూలు కన్నా రెండింతలు పెరుగుతుంది. చదివిన పిల్లలందరూ ఎక్కువ భయపడింది ఈ అధ్యాయంలోనే. దెయ్యం లేని అధ్యాయం ఎందుకు భయపెడుతుందని నేను చాలా ఆలోచించాను. అప్పటికి వాళ్ళు ఆమె కోసం ఎదురుచూడటం అలవాటు చేసుకున్నారు. రాకపోతే ఏమైందోనన్న బెంగ మొదలైంది. చీకటి కథలో పిల్లల్ని పట్టి ఉంచేది ఈ బెంగేనని నాకు గట్టి నమ్మకం ఏర్పడింది.

డ్రాఫ్టు పూర్తయ్యాక పెద్దవాళ్ళకి చూపించాను. ఒక ప్రచురణకర్త శ్రద్ధగా చదివారు, రాత బాగుందన్నారు, రెండు మార్పులు అడిగారు. చివర్లో ఇదంతా మేఘనకి జ్వరంలో వచ్చిన కల అని తేల్చాలి. లేదా చెయ్యి నిజంగానే జారిపోయినట్టు రాయాలి. "అన్న చెల్లెను వదిలేశాడంటే పేరెంట్స్ ఒప్పుకోరమ్మా, స్కూళ్ళు కొనవు" అన్నారు. ఆయన మంచికే చెప్పారు, పుస్తకాలమ్మే కష్టం ఆయనకి తెలుసు. అయినా నాకు గ్రిమ్ కథలకి పట్టిన గతి గుర్తొచ్చింది. 1812 నాటి మొదటి ముద్రణలో స్నోవైట్‌ను చంపించాలని చూసింది కన్నతల్లే. 1819లో వచ్చిన రెండో ముద్రణకి ఆమె సవతితల్లి అయింది. అడవిలో పిల్లల్ని వదిలేసే హాన్సెల్, గ్రెటెల్ కథలో కూడా తల్లి 1840 నాటికి సవతితల్లిగా మారింది. కన్నవాళ్ళు అలా చేస్తారని పుస్తకంలో ఉండటం పెద్దలకి కష్టమనిపించింది. ఆ మార్పు వల్ల లోకంలో సవతితల్లులందరికీ చెడ్డపేరు వచ్చింది, ఇంట్లోనే దెబ్బతిన్న పిల్లలకి తమలాంటి కథ ఒకటి లేకుండా పోయింది. నేను నా చివరి అధ్యాయాన్ని మార్చనని మర్యాదగా చెప్పి వచ్చేశాను.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. హేతువాద ఉద్యమంలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక స్నేహితురాలు డ్రాఫ్టు చదివి, "నువ్వు టీచర్‌వి. దెయ్యాలున్నాయని రాస్తే ఎలా?" అని అడిగింది. ఆమె ఊరికే అన్న మాట కాదు. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్ని కొట్టారు, చంపారు. ఈ నేల మీద దెయ్యం కథ రాసేవాళ్ళు ఆ సంగతి మర్చిపోకూడదు. ఆమెతో చాలాసేపు మాట్లాడాక నేను కొన్ని గీతలు గీసుకున్నాను. నవలలో భూతవైద్యుడు ఉండడు. లచ్చవ్వ ఎవరినీ పూనదు, ఎవరికీ జబ్బు చెయ్యదు, ఎవరి జబ్బూ తగ్గించదు. ఆమె పేరు చెప్పి ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపలేరు. గోడ మీద గీత కూడా మేఘనకి, తాతకి తప్ప ఎవరికీ కనపడదు. ఎందుకంటే మోయాల్సిన నిజం ఆ ఇంటిదే. ఇంత చేశాక కూడా దెయ్యాన్ని కలగా తేల్చలేదు. కథలో ఆమె నిజంగానే వస్తుంది. నా స్నేహితురాలు పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ ప్రూఫులు మాత్రం తనే దిద్దింది.

పిల్లల దగ్గర చదివింది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. మా స్కూలు పిల్లలు కొందరు, వాచ్‌మన్ గారి అమ్మాయి, పై ఫ్లోర్‌లో ఉండే అన్నాచెల్లెళ్ళు. రాత్రికొక అధ్యాయం చదివేదాన్ని. వాళ్ళు అడిగిన ప్రశ్నలు నన్ను పరుగులు పెట్టించాయి. "టీచర్, ఆమె నీళ్ళే తాగుతది గదా, మరి బియ్యమే ఎందుకు నానబెట్టాలె? ఉత్త నీళ్ళు పెడితే రాదా?" అని వాచ్‌మన్ గారి అమ్మాయి అడిగింది. మూడో అధ్యాయం సగం ఆ ప్రశ్నకి జవాబు కోసమే తిరిగి రాశాను. వరద రోజు పొద్దున లచ్చవ్వ బియ్యం నానబెట్టి, నైవేద్యం పెట్టకముందే నీళ్ళొచ్చాయి. ఆమె అడిగేది ఆ ఆగిపోయిన పండగని. వట్టి నీళ్ళు ఆమెవి కావు.

చివరి అధ్యాయం చదివిన రాత్రి పై ఫ్లోర్ అబ్బాయి మాట్లాడకుండా కూర్చున్నాడు. అతని చెల్లెలు మాత్రం వెంటనే అంది, "మల్లయ్య చెడ్డోడు కాదు. కానీ చెప్పాల్సింది." నవల మొత్తం దాదాపు ఇదే. సద్దుల రాత్రి మేఘన, తాత కలిసి తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేర్చి, దాని ముందు కూర్చుని గట్టిగా చెప్తారు: నీ చెయ్యి జారలేదు, మా తాత వదిలేసిండు. క్షమించమని అడగరు, అడిగే హక్కు తమకి లేదని తాత అంటాడు. లచ్చవ్వ పగ తీర్చుకోదు. నీళ్ళు తాగి, మొదటిసారి మాట్లాడుతుంది. ఏం మాట్లాడుతుందో పుస్తకంలోనే చదువుకోవాలి.

ప్రచురణ సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందని. చివరికి సొంతంగానే వేసుకున్నాను. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కి రాజా రామ్మోహన్‌రాయ్ జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. నేను యూనికోడ్‌లో టైపు చేశాను, డీటీపీ వాళ్ళు యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో పేజీలు పెట్టారు. ఆ మార్పిడిలో ఒత్తులు, దీర్ఘాలు చెదిరిపోతాయి. అందుకని కన్వర్షన్ అయ్యాక మొత్తం పుస్తకం మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదవాలి, ముఖ్యంగా పాటలు. డెమ్మీ సైజు పుస్తకంలో ఫారానికి, అంటే అచ్చువేసి మడతపెట్టే ఒక పెద్ద కాగితానికి, పదహారు పేజీలు కాబట్టి మొత్తం పేజీలు పదహారు చొప్పున సరిపోయేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. బొమ్మలు గీసినావిడకి నేను పెట్టిన షరతు ఒక్కటే, లచ్చవ్వ ముఖం చూపించొద్దు. ఆవిడ తడిసిన జడ, ఖాళీ గిన్నె, గోడ మీద గీత, ఇవే నలుపు తెలుపుల్లో గీశారు. ప్రతి అధ్యాయం మొదట్లో పేజీ అంచున ఆ గీత కొంచెం పైకి జరుగుతుంది. ఆ ఆలోచన ఆవిడదే, నాకు ఎంతో నచ్చింది.

డిసెంబర్‌లో ఎన్‌టీఆర్ స్టేడియంలో జరిగిన హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో ఇంకొకరి స్టాల్‌లో ఒక మూల చోటిచ్చారు. పిల్లలు అట్ట చూసి ఆగారు, పెద్దలు వెనక అట్ట చదివి పిల్లల్ని లాక్కెళ్ళారు. కొందరు పిల్లలు మళ్ళీ వాళ్ళమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. ఒకావిడ అట్ట మూసి, "మా పాప రాత్రి నిద్రపోదు" అన్నారు. నా దగ్గర దానికి తయారుగా జవాబు లేదు. మొదటి అధ్యాయం మీరు చదివి, నచ్చితే ఇవ్వండని చెప్పాను. ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని రెండు అధ్యాయాలు చదివి, కొనుక్కెళ్ళారు. స్కూళ్ళు పెద్దగా కొనలేదు, ప్రచురణకర్త ఆ విషయంలో చెప్పింది నిజమే. అమ్ముడుపోయిన కాపీల్లో ఎక్కువ భాగం ఒక పిల్లాడు ఇంకో పిల్లాడికి చెప్తే పోయినవి.

ఆ రాత్రి మాట్లాడకుండా కూర్చున్న పై ఫ్లోర్ అబ్బాయి కొన్ని వారాల తర్వాత లిఫ్టులో కనపడి అడిగాడు, "ఆంటీ, మల్లయ్య తర్వాత ఏం చేసిండు? బతికిండు గదా, ఎట్ల బతికిండు?" ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వరద తర్వాత ఏడాదికి విశ్వేశ్వరయ్య గారు వచ్చి మూసీకి ఎగువన నీళ్ళు ఆపే పథకం వేశారు. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట కట్ట కట్టే నాటికి మల్లయ్యకి పాతికేళ్ళు ఉంటాయి. చెల్లెను తీసుకుపోయిన నదికి అడ్డంగా కట్టే గోడకి అతను రాళ్ళు మోసి ఉండొచ్చు. రెండో నవల అతనిది. దాని కోసం అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి మళ్ళీ వెళ్తున్నాను. ఆ కట్ట మీద పనిచేసిన కూలీల గురించి చదువుతున్నాను. మీ ఇళ్ళల్లో ఎవరి తాతలైనా ఆ పనికి పోయారని విని ఉంటే, ఆ ముచ్చట్లు నాకు చెప్పండి.